చేతిపనికి వెల చెప్పువారెవరు?



సభలకు వెళ్లుట మనకు పాత అలవాటు. పొలము పనులు కొంచెము తెరపి యిచ్చినప్పుడు బెల్లంకొండ స్టేషనులో రైలెక్కి, సత్తెనపల్లి మీదుగా గుంటూరు చేరి, ఏ పట్టణమున పందిళ్లు వేసిరో ఆ పట్టణమునకు పోవుదుము. పందిరి లోపల జరుగు సంగతులను గూర్చి ఇటువంటి పుటలలో ఎందరో వ్రాసియున్నారు. నేను ఈ నెల పందిరి వెలుపలి సంగతి ఒకటి వ్రాయబూనితిని. మొదట నా తప్పు ఒకటి ఒప్పుకొని, తరువాత చరిత్రలోనికి పోయెదను.

పందిరి వెలుపల ఏమేమి ఉండునో మీరెరుగుదురు. బైబిళ్లు, పాటల పుస్తకములు అమ్మువారు, గోడకు తగిలించు వాక్యపటములు, క్యాలెండర్లు, టీ కాగు, బజ్జీల మూకుడు, చిన్నపిల్లల బూరలు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సభలో ఈ అంగళ్ల వరుస చివర, వేపచెట్టు క్రింద, ముగ్గురు స్త్రీలు ఒక బడి బల్లను వేసికొని కూర్చుండిరి. ఒకామె తాటాకు బుట్టలు తెచ్చెను. ఒకామె గుడ్డమీద రంగుదారములతో కుట్టిన పటములు తెచ్చెను. మూడవ ఆమె డెల్టా ప్రాంతము నుండి వచ్చినది. ఆమెయొద్ద లేసు అల్లికలుండెను. వాటిలో ఒక బల్లగుడ్డ నా కంటికి నచ్చెను. నడుమ పెద్ద పువ్వు, చుట్టు చిన్న పువ్వులు, అంచున సన్నని గొలుసు. ఎత్తి చూచితిని. వెలుతురు దానిలోనుండి జల్లెడలో నుండి పడినట్లు నా చేతిమీద పడెను.

"ఎంతమ్మా యిది?" అంటిని.

ఆమె తల వంచుకొని, "మీ యిష్టమండి" అనెను.

ఈ మాట వినగానే కొనువారి లోపల ఒక చిన్న సంతోషము పుట్టును. అది మంచి సంతోషము కాదు. నేను వెంటనే, "అయిదు వందలకు ఇస్తావా?" అంటిని. ప్రక్కనున్న బుట్టల ఆమె ఆ మాట విని తన పని విడిచి ఇటు తిరిగెను. "పొద్దున్నే చెప్పాను కదా వదినా, ఆ మాట అనొద్దని" అని స్నేహితురాలిని కసరుకొని, నాతో, "తొమ్మిది వందలండి అమ్మగారూ. పదకొండు రోజుల పని. దారానికే రెండు వందల నలభై అయింది" అనెను.

నేను అంతటితో ఊరకుండవలసినది. ఊరకుండలేదు. ఏడువందల యేబదికి బేరము తెచ్చితిని. బుట్టల ఆమె ఒప్పుకొనలేదు గాని, అల్లిన ఆమె తల ఊపివేసెను. గుడ్డ నా సంచిలోనికి వచ్చెను. తిరుగు రైలులో కిటికీ ప్రక్కన కూర్చుండి లెక్క వేసితిని. దారము పోగా అయిదువందల పది. పదకొండు దినములకు పంచగా దినమునకు నలుబదియారు రూపాయలు. ఆ ఏట మన ఊళ్లలో మిరపకాయ కోతకు పోయిన స్త్రీకి దినమునకు దానికి అయిదారు రెట్లు ముట్టుచుండెను.

అప్పటినుండి నాకు ఒక ప్రశ్న పట్టుకొన్నది. ఆ గుడ్డలో ఎన్ని కుట్లున్నవో, ఏ మూల రాత్రి దీపము క్రింద అల్లినదో, ఏ పువ్వు రెండుసార్లు విప్పి మరల వేసినదో అల్లిన ఆమెకు తెలిసినట్లు మరెవరికిని తెలియదు. వెల చెప్పుటకు ఆమెకంటె తగినవారు లేరు. అయినను వెల చెప్పవలసివచ్చినప్పుడు ఆమె నోరు పెగలలేదు. బుట్టల ఆమె చెప్పెను. అదే బల్లమీద ఎవరైన బుట్ట వెల అడిగినప్పుడు ఆ బుట్టల ఆమెయు "తోచింది ఇవ్వండి" అని నసుగుటయు, లేసు ఆమె "నూట యేబదికి తగ్గదండి" అని గట్టిగా చెప్పుటయు నేను చూచితిని. ఇది ఆ ఇద్దరి విషయమే కాదని పుస్తకములు తిరుగవేయగా తెలిసినది.

దూరదేశములకు పోకమునుపు మన గుమ్మము చూతము. రెడ్డిరాజుల కొండకోట గల మన బెల్లంకొండ మండలములోనిదే కొల్లూరు. పదునేడవ శతాబ్దమున కృష్ణ ఒడ్డున అక్కడ వజ్రపు గనులుండెను. ఫ్రెంచి వర్తకుడైన తావెర్నియే ఆ గనికి వచ్చి, స్త్రీలు పురుషులు పిల్లలు కలిపి అరువదివేల మంది పనిచేయుచున్నారని వ్రాసిపెట్టెను. కోహినూరు అక్కడిదే అని చాలమంది చెప్పుదురు. కొన్న రాజుల పేర్లు, దోచిన పాదుషాల పేర్లు, ధరించిన రాణుల పేర్లు మనకు తెలియును. మట్టి జల్లించి రాయిని మొదట కంటితో చూచిన మనిషి పేరు ఎవరును వ్రాయలేదు. అతనిని ఎవరును వెల అడుగలేదు. ఇప్పుడు ఆ కొల్లూరు పులిచింతల జలాశయపు నీటిలో మునిగియున్నది. ఆ ప్రాజెక్టును 2013 డిసెంబరులో ప్రారంభించిరి.

రాయి సంగతి అట్లుండగా, చేతితో చేసిన వస్తువుల సంగతి వేరు. వాటిని చేసినవారే బల్ల వేసికొని అమ్ముకొనవలెనను తలంపు ఎప్పటిదో చూడుడి. 1816లో లండను పట్టణమునందు జాన్ ట్రాటర్ అను ఒకాయన సోహో చౌకులోని తన కట్టడములో ఒక అంగడి తెరచెను. నెపోలియను యుద్ధములు అప్పుడే ముగిసినవి. సైనికుల విధవలు, కుమార్తెలు ఇండ్లలో కుట్టుపని చేయుచు బ్రదుకుచుండిరి గాని, దుకాణము పెట్టుకొనుటకు వారియొద్ద పైకము లేదు. ట్రాటరు పొడుగాటి బల్లలు వేయించి, ఒక అడుగు బల్లకు దినమునకు మూడు పెన్నీల అద్దె అని ఏర్పాటు చేసెను. రెండు అడుగుల చోటు చాలినవారు రెండు అడుగులే తీసికొనవచ్చును. దానికి ఆయన పెట్టిన పేరు బజారు! మన తూర్పుదేశములలో నోరునోరున నానిన మాటను వారు తీసికొనిపోయి చేతిపనుల అంగడికి పెట్టుకొనిరి. తరువాత ధర్మకార్యములకై జరుగు అమ్మకములన్నిటికి ఆ మాటనే వాడుకచేసిరి.

ధర్మకార్యపు అమ్మకములలో ఒక చిక్కు ఉన్నది. దానిని దాచిపెట్టుట నాకు ఇష్టము లేదు. ఆ శతాబ్దపు ఇంగ్లండులో సంఘస్త్రీలు ఒక పెద్ద బుట్టనిండ సూదిదిండ్లు, చేతిసంచులు, పసిపిల్లల బట్టలు కుట్టి నింపి, ఇంటింటికి త్రిప్పి అమ్ముచుండిరి. వచ్చిన సొమ్ము మిషనులకు పోవుచుండెను. పాదిరిగారి కుమార్తెయైన షార్లెట్ బ్రాంటీ 1849లో వెలువరించిన షర్లీ అను నవలలో ఈ బుట్టను మిక్కిలి ఎగతాళి చేసినది. ఇష్టములేని పురుషులచేత అక్కరలేని వస్తువులను అధికవెలకు కొనిపించుటను ఆమె దాపరికము లేకుండ చూపినది. చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది, వెంటనే కొంచెము సిగ్గును వచ్చినది. జాలికొరకు కొన్న వస్తువు అల్మారాలో పడియుండును. చేసిన చేతికి దానివలన ఘనత లేదు. బేరమాడి నేను చేసిన అన్యాయము ఒకటి, జాలిపడి ఎక్కువ యిచ్చుట మరియొకటి. ఈ రెండిటిలోను వస్తువును ఎవరును సరిగా చూచుట లేదు.

అక్కరలోనుండి పుట్టిన అల్లికపనికి మరియొక ఉదాహరణము అయిర్లండులో ఉన్నది. 1845 మొదలుకొని అక్కడ ఉర్లగడ్డ పంట కుళ్లి గొప్ప కరవు వచ్చెను. 1847లో క్లోన్స్ అను ఊరికి పాదిరిగా వచ్చిన థామస్ హాండుగారి భార్య కసాండ్రా ఆ ఊరి బీదస్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పించెను. ఆమె నేర్పుటతోనే ఆగిపోలేదు. అల్లినదానిని అమ్మించు పనియు తలకెత్తుకొనెను. ఒక సూది, ఒక దారపుండ. మగ్గము అక్కరలేదు, గది అక్కరలేదు. అందువలననే ఈ పని బీదల యిండ్లలోనికి అంత త్వరగా ప్రవేశించినది.

మన దక్షిణదేశమున అంతకు మునుపే ఇటువంటి పని జరిగెను. 1819లో నాగర్‌కోయిలు చేరిన లండన్ మిషను వారైన మాల్టుగారి భార్య మార్తా దొరసానిగారు తన బాలికల పాఠశాలలో లేసు అల్లిక ప్రవేశపెట్టెను. అప్పటికి తిరువాన్కూరులో బానిసత్వము చట్టబద్ధముగా నుండెను. 1855లో గాని అది రద్దు కాలేదు. ఆ పాఠశాలలో చేరిన బాలికలలో బానిసల బిడ్డలు ఉండిరి. లేసు అమ్ముడుపోయిన కూలి కూడబెట్టుకొని వారిలో కొందరు తమ యజమానులకు చెల్లించి విడుదల కొనుక్కొనిరి. చదువరీ, ఇక్కడ ఒక నిమిషము నిలువుడి. ఆ బాలికలకు వెల అనునది బియ్యము, బట్ట, దీపపు నూనె కొనుటకు మాత్రమే కాదు. పన్ను మీద వ్రేళ్లు కదల్చుచు ఒక్కొక్క అంగుళము అల్లినకొలది ఆమె తన దేహమును తాను కొనుక్కొనుచున్నది. ఆ అంగుళమునకు ఎవరైన పైసా తగ్గించి అడిగిన యెడల వారు ఏమి తగ్గించి అడుగుచున్నారో!

ఇక మన తెలుగుసీమకు వత్తము. హయ్యరుగారు 1842 జూలై చివరిదినమున గుంటూరు చేరిన సంగతియు, 1849లో పల్నాటికి వచ్చి గురజాలలో నివసించిన సంగతియు మన పెద్దలు మరువలేదు. ఆ కాలముననే గోదావరి డెల్టాలో వేరొక గుంపు సేవకులుండిరి. బౌడెనుగారు, బీరుగారు 1836లో ఇంగ్లండు నుండి వచ్చి, నర్సాపురము, పాలకొల్లు ప్రాంతములను తమ పొలముగా చేసికొనిరి. 1844 ప్రాంతమున స్కాట్లండు నుండి వచ్చిన మేక్రే దంపతులు అక్కడి క్రైస్తవ స్త్రీలకు కొక్కెపు సూదితో లేసు అల్లుట నేర్పిరని నర్సాపురపు అల్లికల చరిత్ర చెప్పువారందరు చెప్పుదురు. నేర్చుకొన్నవారు ఎక్కువగా మాల మాదిగ కుటుంబముల వారు. పొలములో నాటువేసి వచ్చి, కుండ పొయ్యిమీద పెట్టి, అరుగుమీద కూర్చుండి అల్లినవారు.

మొదట అమ్మకము ఎట్లు జరిగెననగా, స్నేహితుల వలన. దొరసానులు ఆ లేసును స్వదేశములోని స్నేహితులకు పంపిరి. వారు తమ ఎరుకలోని వారికి చూపి అమ్మిరి. సొమ్ము ఓడమీద మరల వచ్చెను. దానితో దారము కొని, కూలి యిచ్చిరి. బల్ల వెనుక నిలుచున్న స్నేహితురాలు అప్పుడు ఉన్నది గాని, ఆమె సముద్రము అవతల ఉన్నది. అల్లిన చేతికిని అమ్మిన నోటికిని నడుమ నెలల ప్రయాణము. స్కాట్లండులో ఆ లేసును తన బల్లమీద పరచుకొన్న స్త్రీ నర్సాపురపు అరుగును చూడలేదు. అరుగుమీది స్త్రీ ఆ బల్లను చూడలేదు. నడిపించినవారు మంచివారే. కాని ఆ ఎడము చాల పెద్దది.

1900 ప్రాంతమున యోనా, యోసేపు అను ఇద్దరు క్రైస్తవ సోదరులు నర్సాపురమునుండి లేసు సేకరించి పైదేశములకు పంపు వ్యాపారము ఆరంభించిరి. మనవారే వర్తకులైరి గదా అని సంతోషింపవచ్చును. ఆ సంతోషము తప్పు కాదు. అటుపిమ్మట ఇతరులును ఈ వ్యాపారములో దిగిరి, ఏజెంట్లు ఏర్పడిరి. పని క్రైస్తవ పేటలను దాటి పెద్ద కులముల ఇండ్లలోనికి పోయెను. ముఖ్యముగా పొలము పనికి పోగూడదను మర్యాదగల కాపు స్త్రీలకు, గడప దాటకుండ చేయదగిన పని యిది. కాలము గడిచినకొలది లేసు అల్లువారి సంఖ్య డెల్టాలో లక్షకు పైబడెనని అంచనా వేసిరి.

ఈ పెరుగుదలలో ఒక సంగతి ఎవరును గమనింపకుండ జరిగినది. పని ముక్కలైనది. ఒక ఊరి స్త్రీలు పువ్వులు మాత్రమే అల్లుదురు. ఆ పువ్వులను ఏజెంటు పట్టుకొనిపోయి మరియొక చోట అతుకుపని చేయువారికి ఇచ్చును. వారు పువ్వులను కలిపి గుడ్డగా చేయుదురు. ఉతికి, ఇస్త్రీ పెట్టి, కట్టలుకట్టుట మరియొకరి పని. పువ్వు అల్లిన ఆమె ఆ పువ్వు ఏ గుడ్డలోనికి పోయినదో చూడదు. తాను చేసినది పూర్తిగా ఎట్లుండునో చూడని స్త్రీ దానికి వెల ఎట్లు చెప్పగలదు? నా లేసు ఆమెకు కనీసము తన బల్లగుడ్డ ఆ మూలనుండి ఈ మూలదాక తెలియును.

మరియా మీస్ అను జర్మను పండితురాలు 1978, 79 సంవత్సరములలో నర్సాపురమునకు వచ్చి, తెలుగు సహాయకురాండ్రతో ఇండ్లకు తిరిగి, లేసు స్త్రీలతో కూర్చుండి లెక్కలు వ్రాసికొనెను. ఆమె పుస్తకము 1982లో వెలువడినది. లోకమంతట చదివిరి, మన డెల్టా పేరు అర్థశాస్త్రము చదువువారి నోళ్లలో పడినది. ఆమె చూచినది ఏమనగా, ఎనిమిది గంటలు అల్లిన స్త్రీకి దినమునకు సుమారు అరరూపాయి గిట్టుచుండెను. ఆ యేండ్లలో లేసు ఎగుమతి లక్షల రూపాయలలో ఉన్నది. ఇంత వ్యత్యాసము ఎట్లు నిలిచినదని ఆమె అడిగినది. అందుకు ఆమె కనుగొన్న సమాధానము ఒక మాటలో ఉన్నది. ఈ స్త్రీలను ఎవరును పనివారుగా లెక్కించుట లేదు. "ఇంటిలో ఊరక కూర్చున్నవారు, తీరిక వేళ అల్లుకొందురు" అనుచుండిరి. భర్తలు అట్లే అనిరి, వర్తకులు అట్లే అనిరి. స్త్రీలు తామును అట్లే అనిరి. తీరిక వేళకు కూలి ఏమిటి?

ఆ పుస్తకమును గూర్చి చదివినప్పుడు నాకు వేపచెట్టు క్రింది "మీ యిష్టమండి" జ్ఞాపకము వచ్చినది. అది వినయమని నేను అనుకొన్నాను. మన సంఘములలో స్త్రీలకు వినయము గూర్చి చాల బోధించితిమి. అడుగుట ఆశకు గుర్తని, ఇచ్చినది పుచ్చుకొనుట భక్తికి గుర్తని నేర్పితిమి. మిషను కాలమునందు పని దొరకుటయే ఉపకారము గనుక, ఉపకారము చేసినవారిని వెల అడుగుట ఎట్లు అని వారు సంకోచించిరి. ఆ సంకోచము నూటయేబది సంవత్సరముల తరువాత కూడ ఒక బడి బల్ల దగ్గర నా యెదుట నిలిచియుండెను. నేను దానిని లాభముగా చేసికొంటిని.

లేఖనములో ఇట్టి బల్ల ఉన్నదా అని వెదకితిని. ఉన్నది. పౌలు కొరింథునకు వచ్చినప్పుడు అకుల ప్రిస్కిల్లల యింట దిగెను. ముగ్గురును ఒకే వృత్తివారు గనుక కలిసి డేరాలు కుట్టిరి. గల్లియోను అక్కడ అధిపతిగా ఉన్నది క్రీస్తుశకము 51, 52 ప్రాంతమని డెల్ఫీలో దొరికిన శాసనము వలన తేలినది గనుక, ఈ కాలము మనకు గట్టిగా తెలియును. కొరింథు దగ్గర ఇస్థ్మియా అను చోట రెండేండ్లకొకసారి గొప్ప క్రీడోత్సవము జరిగెడిది. దూరప్రాంతముల నుండి వచ్చిన జనులకు నీడకై డేరాలు కావలెను. ఆ ముగ్గురి పనికి అదియే మంచి గిరాకీ అయియుండునని కొందరు పండితులు తలంచుదురు. అది అన్యదేవత పండుగ. అయినను ఎండ ఎవరికైనను ఎండయే, డేరా ఎవరికైనను డేరాయే. పౌలు ఆ సంగతి దాచుకొనలేదు. తన చేతులతో పనిచేసి బ్రదికితినని సంఘములకు ఎన్నోసార్లు జ్ఞాపకము చేసెను. ముగ్గురిలో ఎవరు వెల చెప్పిరో వ్రాయబడలేదు. ప్రిస్కిల్లయే అయియుండునని నా ఊహ. ఆమె పేరు కొన్నిచోట్ల భర్త పేరుకంటె ముందు వచ్చుట చూచి అట్లు అనుచున్నాను, ఇంతకంటె ఆధారము లేదు.

మరియొకటి యొప్పేలో జరిగినది. దొర్కా చనిపోయి మేడగదిలో పండుకొనియున్నది. పేతురు రాగానే విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన అంగీలను వస్త్రములను ఎత్తి అతనికి చూపిరి. అక్కడ అమ్మకము లేదు, వెల లేదు. అయినను కుట్టిన ఆమె నోరు మూసియుండగా, ఆమె చేతిపని ఎట్టిదో చెప్పినవారు ఆమె స్నేహితులే. ఈ భాగము నేను చిన్నప్పటినుండి వినుచున్నాను. బట్టలు ఎత్తిపట్టుకొన్న ఆ చేతులమీద నా కన్ను నిలిచినది మాత్రము ఈ మధ్యనే.

మన కాలములో ఈ సంగతి కొంత మారినది. 1982లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన డ్వాక్రా పథకము మన రాష్ట్రమున వేరూని, పల్లె పల్లెలో స్త్రీల సంఘములు ఏర్పడినవి. పదిమంది కలిసి పొదుపు చేయుట, అప్పు తీసికొనుట, వస్తువులు చేసి అమ్ముట నేర్చిరి. సరస్ మేళాలలో, డ్వాక్రా బజారులలో చేసినవారే బల్ల వెనుక నిలుచుందురు. ఒంటరిగా నిలుచువారు అరుదు, ఇద్దరు ముగ్గురు కలిసియే వత్తురు. నర్సాపురము చెంత రుస్తుంబాదలో లేసు పార్కు వెలసి మహిళాసంఘములవారికి ఒక నీడ దొరికినది. 2024లో నర్సాపురపు లేసు అల్లికలకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినది. అనగా వేరొక చోట యంత్రముమీద చేసినదానిని నర్సాపురపు లేసు అని అమ్ముటకు ఇక చట్టము ఒప్పదు. ఊరి పేరునకు కాపు దొరికినది. అల్లిన స్త్రీ పేరు ఇంకను గుడ్డమీద లేదు. యంత్రపు లేసు గజములలెక్కన చవుకగా దొరుకుచున్నది; చేతి అల్లికను దానితో పోల్చి "ఇంత ఎందుకు" అని అడుగువారు మన సంఘములలోనే చాలమంది ఉన్నారు. నేను వారిలో ఒకతెనని ముందే చెప్పితిని.

మరుసటి సంవత్సరము అదే సభలకు పోయితిని. తగ్గించిన నూటయేబది రూపాయలు వేరుగా కవరులో పెట్టుకొని తీసికొనిపోయితిని. ఎట్లు ఇవ్వవలెనో, ఏమని చెప్పవలెనో రైలులో ఆలోచించుకొంటిని. ఏ మాటయు కుదరలేదు. మొదటి కూటము ముగియగానే వేపచెట్టు దగ్గరకు నడిచితిని. బల్ల ఉన్నది. బుట్టల ఆమె ఉన్నది. ప్రక్కన పటముల ఆమె ఉన్నది. లేసు లేదు.

"మీ వదినగారు రాలేదా?" అని అడిగితిని. ఆమె నన్ను గుర్తుపట్టినదో లేదో తెలియలేదు.

"రాలేదండి. రొయ్యల ఫ్యాక్టరీలో చేరింది. అక్కడైతే నెల జీతం."

"అల్లిక మానివేసినదా?"

"మానలేదండి. ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటుంది. కానీ వేళ్లు ఐసులో నాని నాని మొద్దుబారిపోతున్నాయట, సన్నదారం పట్టలేకపోతోంది."

కవరు ఆమె చేతికిచ్చి, ఎవరికో ఎందుకో చెప్పితిని. ఆమె లెక్కపెట్టి చూచి, కొంగున ముడివేసికొని, "ఇస్తానండి" అనెను. అంతకంటె ఏమియు అనలేదు. నేను ఒక తాటాకు బుట్ట చేతిలోనికి తీసికొంటిని. ఎంత అని అడుగుటకు నోరు తెరువకమునుపే ఆమె బల్ల అంచున దారముతో కట్టిన అట్టముక్కను నావైపు త్రిప్పెను. దానిమీద బొగ్గుతో పెద్ద అక్షరములలో వెల వ్రాసియున్నది. ఆ అక్షరములు పటముల ఆమె చేతివ్రాత.